వెల్లకిలా నడిచిన పురుగు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. కవిసమ్మేళనం ఇంకా కావలసి ఉంది. వంటశాల వైపునుంచి ఓళిగల వాసన వస్తున్నది. ఇటువంటి సమయంలో పురుగులను గురించి మాట్లాడవలసి వస్తుందని నేను అనుకోలేదు. "మీరు జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవారు గదా, పిల్లలకు పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కాదనలేకపోయాను. భోజనాల వేళ దాటనివ్వనని మాత్రం హామీ ఇస్తున్నాను.

ఈ ఉదయం మనమందరం పచ్చడిలో వేపపువ్వు తిన్నాం. ఆ వేపచెట్టుతోనే మొదలుపెడతాను. ఎండలు ముదిరి, తొలకరికి ముందు గట్టి వాన ఒకటి పడుతుంది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నేలలోనుంచి గోధుమరంగు పెంకు పురుగులు గుంపులుగా లేస్తాయి. వేపచెట్టు మీదా, రేగుచెట్టు మీదా, తుమ్మచెట్టు మీదా వాలి రాత్రంతా ఆకు తింటాయి. తెల్లవారేసరికి మళ్లీ మట్టిలో దూరతాయి. ఆడపురుగు ఆ మట్టిలోనే గుడ్లు పెడుతుంది. పదిరోజులు అటూ ఇటూగా గుడ్డు పగిలి తెల్లని పురుగు బయటికి వస్తుంది. దానినే మన రైతులు వేరుపురుగు అంటారు. మా అనంతపురం వైపు శనక్కాయ చేలలోనూ, చెరకు తోటల్లోనూ అది చేసే నష్టం ఇక్కడ కూర్చున్న పెద్దలలో చాలామందికి తెలుసు. పైన మొక్క వాడుతుంది. పట్టి లాగితే సులువుగా ఊడి వస్తుంది. చూస్తే అడుగున వేరు ఉండదు.

ఈ పురుగు ఒక పెద్ద కుటుంబానికి చెందినది. పేడను ఉండలు చేసి దొర్లించుకుపోయే పేడపురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు, పూలమీద వాలే మెరుపు రంగుల పెంకు పురుగు, వేరుపురుగు, ఇవన్నీ అన్నదమ్ముల బిడ్డలు. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని స్కారబ్ అంటారు. ప్రపంచం మొత్తం మీద ఇందులో దాదాపు 30,000 జాతులు ఉన్నాయి. అన్నీ దొంగలు కావు, అన్నీ దొరలు కావు. ప్రాచీన ఈజిప్టు వారు పేడపురుగును సూర్యదేవుని గుర్తుగా పూజించారు. ఆస్ట్రేలియాలో పశువుల పేడ ఎరువుగా మారక బీళ్లలో ఎండిపోతుంటే, ఆ పని చేయడానికి 1960ల నుంచి విదేశాల పేడపురుగులను కోరి తెప్పించుకున్నారు. అదే కుటుంబంలో పుట్టిన వేరుపురుగు మాత్రం రైతు నోటి దగ్గర కూడు తీసేస్తుంది. కనుక కనబడిన పురుగు ఎవరో తెలుసుకోవడం వేడుక కోసం చేసే పని కాదు. దీనికి నా అనుభవమే చెప్తాను. అది గొప్ప కోసం చెప్పుకునేది మాత్రం కాదు.

నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చిన కొత్త. అంతకు ముందు సంవత్సరం మా ఊళ్లో వేరుపురుగు వల్ల శనక్కాయ పంట సగానికి సగం పోయింది. నేను ఉగాదికి ఇంటికి వెళ్లాను. మా నాయన పొలానికి తోలడానికి ఎరువు దిబ్బ తవ్విస్తున్నాడు. దిబ్బలో తెల్లని పురుగులు, కొడవలిలా వంగినవి, గోధుమరంగు తల, మూడు జతల కాళ్లు, గుప్పెళ్లకొద్దీ వచ్చాయి. నాయన పార ఆపి నావైపు చూశాడు. "ఇది ఆ పురుగేనా నాయనా? సదువుకున్నోనివి, నువ్వు చెప్పు" అన్నాడు.

నేను నిలబడిన చోటనుంచే చూశాను. వంగి ఒక్కటైనా చేతిలోకి తీసుకోలేదు. "అదే, ఇంకేముంది! ఈ ఎరువు తోలితే చేనంతా పురుగే. కాల్చెయ్యండి" అన్నాను. నా మాట మీద నాయన కంది కట్టె పేర్చి మూడేళ్ల దిబ్బను తగలబెట్టాడు. రెండు రోజులు పొగ వచ్చింది. ఆ ఏడు చేనికి ఎరువు లేదు. అప్పు తెచ్చి మందు బస్తాలు కొన్నాడు. శ్రావణమాసం వచ్చేసరికి చేనులో మొక్కలు తడికలు తడికలుగా వాడిపోవడం మొదలుపెట్టాయి. తవ్వి చూస్తే వేరుపురుగు ఉండనే ఉంది. అది దిబ్బలోనుంచి రాలేదు. గట్టు మీది వేపచెట్ల నుంచి దిగిన పురుగులు పెట్టిన గుడ్లలో నుంచి వచ్చింది.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. చాలా రోజుల తరువాత, ఎద్దులకు గడ్డి వేస్తూ, "ఆ పొద్దు పురుగును సరిగ్గా చూసినావా నాయనా?" అని మాత్రం అడిగాడు. చూడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈ వేదిక మీద ఆ జవాబు చెప్తున్నాను. నేను చూడలేదు.

తరువాత ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చాను. ఇక్కడ కీటకశాస్త్రంలో తల పండిన ఒక పెద్దాయనతో పరిచయమైంది. ఒకనాడు సంకోచిస్తూనే ఈ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. పెరట్లోని ఆకుల ఎరువు గుంటలో చేయి పెట్టి రెండు తెల్లపురుగులు తీశారు. బల్లమీద వార్తాపత్రిక పరచి వాటిని వదిలారు. అవి కాసేపు వంకరగా పడి ఉన్నాయి. తరువాత మెల్లగా వీపు మీదికి తిరిగి, కాళ్లు ఆకాశానికి పెట్టి, వెల్లకిలా నడిచి పోయాయి! కాళ్లుండగా వీపుతో నడిచే ప్రాణిని నేను అంతవరకు చూడలేదు.

"ఇవి పూలపెంకు పురుగుల పిల్లలు" అన్నారాయన. "కుళ్లిన ఆకూ పేడా తింటాయి. పచ్చి వేరు జోలికి పోవు. ఎరువును ఇంకా మెత్తగా చేసి ఇస్తాయి. మీ నాయనగారి దిబ్బలోవి చాలావరకు ఇవే అయి ఉంటాయి."

ఆయన వద్ద నేర్చుకున్న నాలుగు ఆనవాళ్లు మీకు మనవి చేస్తాను. పిల్లలు జాగ్రత్తగా వినాలి.

మొదటిది నడక. పూలపెంకు పురుగు పిల్ల వెల్లకిలా నడుస్తుంది. వేరుపురుగును కాగితం మీద వదిలితే వెల్లకిలా నడవదు. పక్కకు ఒరిగో, బోర్లా పడో పాకజూస్తుంది. కొమ్ముపురుగు పిల్ల చాలా పెద్దది, బొటనవేలంత లావు ఉంటుంది. అది ఒక పక్కకు ఒరిగి పడి ఉంటుంది. దిబ్బలో ఉన్నా సరే, కొబ్బరిచెట్లున్న వారు దానిని మాత్రం ఏరి పారవేయవలసిందే.

రెండవది కాలం. పురుగుకు కూడా ఒక పంచాంగం ఉంది. మన చేలలోని వేరుపురుగుకు ఏడాదికి ఒకే తరం. తొలకరికి గుడ్డు, వర్షకాలమంతా వేళ్లు కొరికే పిల్ల, ఆ తరువాత లోతు మట్టిలో నిద్రపోయే ప్యూపా. చలికాలం వచ్చేసరికి అది పెంకు పురుగుగా మారి, మళ్లీ వాన పడేదాకా నేలలోనే ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. అంటే ఉగాది నాటికి వేరుపురుగు సాధారణంగా తెల్లపురుగు రూపంలోనే ఉండదు! నేను పంచాంగం విన్న మధ్యాహ్నమే దిబ్బ ముందు నిలబడి, ఆ పురుగు పంచాంగం మాత్రం చూడలేదు.

మూడవది పురుగు వెనుక భాగం. సభా మర్యాదకు క్షమించండి. తెల్లపురుగు చివరి భాగాన్ని భూతద్దంతో చూస్తే ఒక చీలిక కనిపిస్తుంది. పూలపెంకు పురుగుకూ కొమ్ముపురుగుకూ అది అడ్డగీతలా ఉంటుంది. వేరుపురుగుకు మూడు పాయలుగా చీలి ఉంటుంది. దాని ముందు పొట్ట అడుగున ముళ్లవంటి సన్నని వెంట్రుకలు ఉంటాయి. కొన్ని జాతులలో అవి రెండు వరుసలుగా, కొన్నింటిలో చెల్లాచెదురుగా ఉంటాయి. ఇంటి ముందు వేసిన ముగ్గును బట్టి ఇల్లాలి చేతిని గుర్తుపట్టినట్లు, ఆ వెంట్రుకల అమరికను బట్టి జాతిని గుర్తిస్తారు.

నాలుగవది దొరికిన చోటు. పచ్చని మొక్క వేరు దగ్గర దొరికిందా, కుళ్లిన చెత్తలో దొరికిందా అన్నది మరవరాదు. ఈ ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పకూడదు గాని, మిగిలిన మూడింటికీ ఇది సాక్ష్యం.

ఇది పిల్లపురుగు సంగతి. రెక్కలు వచ్చిన పురుగును వర్ణించే పద్ధతి మరొకటి. ముందు మీసం చూడాలి. ఈ కుటుంబంలో మీసం కొసన సన్నని రేకులు ఉంటాయి. తాళపత్ర గ్రంథం విప్పినట్లు అవి విచ్చుకుంటాయి, మూసుకుంటాయి. ముంగాళ్లకు నేల తవ్వడానికి పళ్లు ఉంటాయి. తరువాత పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, రంగు ఏమిటి, తలమీది పలక అంచు నున్నగా ఉందా నొక్కుగా ఉందా, గోళ్లు ఎలా చీలాయి, పెంకు మీద గుంటలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ వరుసగా రాస్తారు. వేరుపురుగు జాతులు కొన్ని కవలపిల్లల్లా ఉంటాయి. పైన చూస్తే ఏమీ తేలదు. అప్పుడు మగపురుగు జననాంగంలోని గట్టి భాగాన్ని తీసి మైక్రోస్కోపు కింద పెట్టి పోల్చిగాని పేరు చెప్పరు.

పైకి కనబడే గొప్ప గుర్తులే ఒక్కోసారి మోసం చేస్తాయి. కొమ్ముపురుగునే తీసుకోండి. 1758లో లిన్నేయస్ దానికి ఖడ్గమృగం పేరు పెట్టాడు. నేటి శాస్త్రనామం ఓరిక్టిస్ రైనోసెరస్. మొదటి మాటకు గ్రీకులో తవ్వేవాడని అర్థం. మగదానికి కొమ్ము పొడవు, ఆడదానికి పొట్టి అని సామాన్యంగా చెబుతారు. కాని తిండి చాలక చిన్నగా పెరిగిన మగదానికి కొమ్ము కూడా చిన్నదే. కనుక తెలిసినవారు కొమ్ము చూసి ఊరుకోరు. పురుగును తిప్పి తోక చివర చూస్తారు. అక్కడ ఒత్తుగా ఎర్రని నూగు ఉంటే ఆడది.

ఈ పేర్లు పెట్టే పనికీ మన తెలుగు నేలకూ ఒక పాత సంబంధం ఉంది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. మొక్కలూ పురుగులూ సేకరించి ఐరోపాకు పంపాడు. వాటిలో కొన్ని లిన్నేయస్‌కు మరో శిష్యుడైన ఫాబ్రిషియస్ చేతికి చేరాయి. ఆ ఫాబ్రిషియస్ తన జీవితంలో దాదాపు పదివేల కీటకాలకు పేర్లు పెట్టాడు. మన దక్షిణదేశపు వేరుపురుగులలో ముఖ్యమైన హోలోట్రైకియా సెర్రేటాకు ఆ సెర్రేటా అనే పేరు ఆయన పెట్టినదే. రంపపు పళ్లు గలది అని దాని అర్థం. కోనిగ్ మాత్రం స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. సముద్రాలు దాటి వచ్చి మన పురుగును వంగి చూసిన మనిషి మన మట్టిలో కలిశాడు. ఆ మట్టిలో పుట్టిన నేను నిలబడి చూసి తీర్పు చెప్పాను. ఈ ఆలోచన నన్ను చాలాకాలం బాధించింది.

తరువాత లండన్ మ్యూజియంలో పనిచేసిన గిల్బర్ట్ ఆరో అనే విద్వాంసుడు మన దేశపు స్కారబ్ కుటుంబం మీద 1910, 1917, 1931 సంవత్సరాలలో మూడు సంపుటాలు వెలువరించాడు. కొమ్ముపురుగులూ, పూలపెంకు పురుగులూ, పేడపురుగులూ అందులో ఉన్నాయి. విచిత్రమేమిటంటే రైతును ఏడిపించే వేరుపురుగుల శాఖ మాత్రం ఆ వరుసలో రాలేదు. ఆ లోటు తీర్చే పని మన శాస్త్రజ్ఞుల మీద పడింది. ఈ బెంగళూరులోనే, జి.కె.వి.కె.లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ, హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థలోనూ, చీట్లు కట్టిన పురుగులను పెట్టెలలో భద్రపరచి ఆ పని చేస్తున్నారు. బస్సులో ఆ దారిన పోయేటప్పుడు పిల్లలకు చూపించండి.

పేరు సరిగా తెలిస్తే రైతుకు ఒరిగేదేమిటని మీరు అడగవచ్చు. ఒక ఉదాహరణ చెప్తాను. అనంతపురం శనక్కాయ చేలలో దొరికే వేరుపురుగులలో హోలోట్రైకియా రేనాడీ అనేది ఒకటి. దాని ఆడపురుగు మగదానిని పిలవడానికి విడిచే వాసన అనిసోల్ అనే పదార్థమని 2002లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఉత్తరాదిన ఉన్న దాని దాయాది ఒకదానికీ అదే వాసన. దానిని దూదిలో అద్ది చెట్టుకు కట్టితే పురుగులు అక్కడికే వచ్చి చేరతాయి. అయితే ఒక జాతిని పిలిచే వాసనకు మరో జాతి పలకాలని నియమం లేదు. పేరు తెలియకుండా పిలిస్తే ఎవరు పలుకుతారు?

ఇక చివరి ముచ్చట. నిరుడు ఇదే రోజులలో మా తమ్ముడు ఊరినుంచి ఫోను చేశాడు. "అన్నా, దిబ్బ నిండా తెల్లపురుగులే. ఫొటో పంపినా, సూడు. కాల్చెయ్యమంటావా?" అన్నాడు. ఫొటో చూశాను. పైనుంచి తీసిన ఫొటోలో అన్ని తెల్లపురుగులూ ఒక్కటే. నలభై ఏళ్ల కిందటి మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. "ఒక పేపరు పరిచి దానిమీద వదిలిపెట్టు. పది నిమిషాలు చూసి చెప్పు" అన్నాను. పది నిమిషాలు పట్టలేదు. "అన్నా, ఇదేందన్నా, ఎల్లకిల నడుస్తా ఉంది!" అని అరిచాడు. వెనుకనుంచి పిల్లల నవ్వులు వినబడ్డాయి.

దిబ్బలో బొటనవేలంత లావువి మూడు దొరికాయి. అవి నడవలేదు, ఒరిగి పడుకున్నాయి. ఇంటి ముందు రెండు కొబ్బరిచెట్లున్నాయి గనుక వాటిని ఏరి పారవేశాడు. మిగిలిన ఎరువంతా చేనికి తోలాడు. తొలివాన పడిన సాయంత్రం, ఊరి కుర్రవాళ్లను వెంటబెట్టుకుని గట్ల మీది వేపచెట్ల కింద పట్టలు పరిచి కొమ్మలు దులిపారు. రాలిన పురుగులను కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేశారు. నాలుగు రాత్రులు అలా చేశారు. పంట పూర్తిగా నిలిచిందని చెప్పను. దులపని చెట్లున్న మూల కొంత ఎండింది. కాని ఎరువు దక్కింది. అప్పు తేలేదు. మా నాయన ఉంటే అడిగే ప్రశ్నకు ఈసారి తమ్ముడి దగ్గర జవాబు ఉంది.

సోదర సోదరీమణులారా, మనం పొట్టచేత పట్టుకుని ఈ ఊరు వచ్చాం. పొలాలు అక్కడే ఉన్నాయి. అన్నో, తమ్ముడో, మామో అక్కడ పార పట్టుకుని నిలబడి, చదువుకున్న మనవైపు చూస్తున్నారు. మనం ఫోనులో చెప్పే మాటకు అక్కడ దిబ్బలు కాలతాయి, అప్పులు పుడతాయి. కనుక చూడకుండా చెప్పకండి. తెలియకపోతే దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి పురుగును తీసుకుపోయి చూపించమనండి. ఊరికే చేతిలో పట్టుకుపోకుండా, చిన్న సీసాలో స్పిరిటు పోసి అందులో వేసి, ఏ ఊరిలో, ఏ తేదీన, ఏ చెట్టు మీద లేక ఏ వేరు దగ్గర దొరికిందో పెన్సిలుతో చీటీ రాసి లోపల వేయమనండి. చీటీ లేని పురుగు ఊరూ పేరూ లేని ఉత్తరం వంటిది.

ఇక పిల్లలకు ఒక పని అప్పగిస్తున్నాను. ఈ ఏడు బెంగళూరులో మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి, వరండా దీపం కింద పడిన పెంకు పురుగును కాలితో తొక్కకండి. ఒక గాజు గ్లాసు బోర్లించి, మీసం కొసన రేకులున్నాయేమో చూడండి. తేదీతో సహా నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే ఉగాదికి ఆ పుస్తకాలు తెచ్చి నాకు చూపించాలి. నేను కుర్చీలో కూర్చుని దూరంనుంచి చూడను. దగ్గరకు వచ్చి, వంగి చూస్తాను.

 కవులు ఎదురుచూస్తున్నారు. సెలవు.